అత్తయ్య మానేసిన మజ్జిగ

మా అత్తయ్యను నేనొకసారి చంపినంత పని చేశాను. విషం పెట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. ఒక్క పెరుగుచుక్క చూపించాను, అంతే.

పంతొమ్మిదివందల ముప్ఫైల నాటి మాట. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఏలూరులో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేరి రెండేళ్ళయింది. మిక్శ్చరు కలపటం, సీసాకు కాగితం గళ్ళు కత్తిరించి మోతాదు గుర్తులు అంటించటం, పుండ్లు కడగటం, ఇవీ నా పనులు. ఈ మాత్రానికే నేను సగం డాక్టర్నని నాకు గట్టి నమ్మకం. తెలివి ఎక్కువైపోయి ఎక్కడ ఒలకబోద్దామా అని తిరుగుతుండేవాణ్ణి. నాన్న అప్పటికే పోయాడు, ఒలకబోయటానికి ఇంట్లో ఉన్నది అత్తయ్య ఒక్కతే.

అత్తయ్య మా నాన్నకు అక్క. నన్ను కన్న మూడో నెలలో అమ్మ పోతే, నన్నూ మా అక్కనూ పెంచి ఇంతవాళ్ళను చేసింది ఆవిడే. పద్నాలుగేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఆ పుట్టిల్లు కొల్లేటి మధ్య ఒక లంకలో ఉండేది. నాన్నకు ఏలూరులో గుమాస్తా పని దొరికి సంసారం తరలించినప్పుడు సామానంతా ఒక పడవలో వచ్చిందట, అత్తయ్య మాత్రం వేరే దోనెలో వచ్చిందట. ఎందుకయ్యా అంటే, ఒళ్ళో రాచ్చిప్ప పెట్టుకుంది. అందులో గుక్కెడు పుల్లపెరుగు ఉంది. సామాన్ల పడవలో మనుషులు ఎక్కువ, ఎవరి మోచెయ్యో తగిలి ఒలికిపోతుందని ఆవిడ భయం.

పాలు తోడుపెట్టటానికి వేసే ఆ చెంచాడు పుల్లపెరుగును మా వైపు చేమిరి అంటారు. మా ఇంటి చేమిరి అత్తయ్య వాళ్ళమ్మ నాటిది. ఆవిడ కాలం చేశాక అత్తయ్య చేతికొచ్చింది. అప్పట్నించి నలభై ఏళ్ళకు పైగా ఒక్క రోజు తప్పకుండా ఆవిడ పాలు తోడుపెట్టింది. మధ్యాహ్నం పిడకల దాలి మీద పెట్టిన పాలు పొద్దువాలేసరికి ఎర్రగా కాగి, మీగడ మందంగా కట్టేవి. వేడి చూడటానికి వేలు ముంచేది కాదు, గిన్నె బయట అరచెయ్యి ఆనించి చూసేది. చేమిరి వేసి, రెండు గిన్నెల్లోకి మూడుసార్లు అటూ ఇటూ తిరగబోసి, "ఇహ పడుకోండమ్మా" అని మూతపెట్టేది. చలికాలమైతే గిన్నెను ఊక బుట్టలో పాతిపెట్టేది. నేను నవ్వితే, "నీకేం తెలుసురా, చలికి అవి మాత్రం ముడుచుకోవూ?" అనేది. తెల్లారగానే ముందు మర్నాటి చేమిరి తీసి రాచ్చిప్పలో వేసి ఉట్టి మీద పెట్టేది. అది తియ్యందే పెరుగు ఎవరికీ లేదు. దేవుడికీ లేదు.

ఆ మజ్జిగ తాగే నేను బతికాను. చిన్నప్పుడు నాకు నెలకోసారి కడుపు చెడేదట. పాలు పడేవి కావు, పప్పు పడేది కాదు. పల్చటి మజ్జిగలో ఉప్పేసి, మెత్తటి అన్నం పిసికి, ముద్ద ముద్దకూ ఏదో ఒక అబద్ధం చెప్పి తినిపించేదట. అత్తయ్యకు కూడా అంతే. ఒకప్పుడు ఆవిడకు గ్రహణి విరేచనాలు వచ్చి మంచాన పడింది. అది తగ్గిన దగ్గర్నించి ఆవిడ కడుపుకు పట్టేది మజ్జిగన్నమొక్కటే. మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం, రాత్రికి గుప్పెడు అటుకులు పెరుగులో నానబెట్టుకునేది. తమ్మిలేరు పొంగి బావినీళ్ళు చెడిన ఏడు మా వీధిలో ప్రతి ఇంటా విరేచనాలు, వాంతులు. దెందులూరు వైపు నుంచి కూడా మా డాక్టరు గారి వాకిట్లోకి బళ్ళు వచ్చి ఆగేవి. మా ఇంట్లో మాత్రం ఇద్దరికీ ఏమీ కాలేదు. కాచిన నీళ్ళ వల్లనో, మజ్జిగ వల్లనో, మా అదృష్టమో గానీ, అత్తయ్య మాత్రం ఆ పేరంతా మజ్జిగకే కట్టబెట్టింది.

మా పెరటి దడి అవతల మిషను బడి పంతులమ్మ ఉండేది. క్రైస్తవులు. భర్త ఎక్కడో ఉద్యోగం, ఆవిడా ఒక చంటిపిల్లా. పిల్లకు కడుపు నిలవక డాక్టరు గారు మజ్జిగ పట్టమంటే, ఆవిడ తోడుపెట్టిన పెరుగు తీగలు సాగుతోందని, దడి దగ్గరికొచ్చి, "ఏవండీ, కాస్త చేమిరి ఇప్పిస్తారా అండీ" అని అడిగింది. అత్తయ్య ఇచ్చింది. ఎలా ఇచ్చింది? ఆవిడ గిన్నెకు జానెడు ఎత్తు నుంచి వంపింది. మా గిన్నె వాళ్ళ గిన్నెకు తగలకూడదు, అదీ ఆచారం. "దీపాలు పెట్టాక రాకమ్మా, అప్పుడు చేమిరి ఇవ్వకూడదు" అని కూడా చెప్పింది. ఆ తర్వాత పది రోజులకోసారి ఆవిడ రావటం, అత్తయ్య జానెడు ఎత్తు నుంచి వంచటం, "పిల్ల ఎలా ఉంది, ఒళ్ళు చేసిందా" అని దడి మీంచి తొంగి చూడటం మామూలైపోయింది. పిల్లంటే అత్తయ్యకు ప్రాణం. ఎత్తుకోవటం మాత్రం కుదరదు, మడి.

ఇలా ఉండగా మా డాక్టరు గారికి మద్రాసు నుంచి మైక్రోస్కోపు వచ్చింది. చెక్కపెట్టెలో, గుడ్డలో చుట్టి, పసిపిల్లలా వచ్చింది. వారం రోజులు ఆయన రోగుల్ని వదిలేసి దాని చుట్టూనే తిరిగారు. చూడనిది లేదు. కాలవ నీళ్ళు చూశారు, నా ఉమ్ము చూశారు, ఈగ కాలు చూశారు. ఒక రోజు ఫలహారం చేస్తూ చేస్తూ తన పెరుగులోంచి సూదిమొనంత తీసి, నీళ్ళలో కలిపి గాజుపలక మీద పెట్టారు.

"ఏవయ్యా, ఇటు రా. చూడు."

చూశాను. చిన్న చిన్న పుల్లలు కొన్ని, జతలు జతలుగా పూసలు కొన్ని, నిలకడ లేకుండా వణుకుతున్నాయి.

"పాలను పెరుగు చేసేవి ఇవే. ఇవి కడుపులోకి పోయి ఊరికే కూర్చోవు. మన పేగుల్లో మంచివాళ్ళు ఇళ్ళన్నీ ఆక్రమించుకుని ఉన్నారనుకో, దొంగ వెధవలకు అద్దెకు గది దొరకదు. మన ఒంట్లో ఉన్న కాపలా బలం సగం ఆ పేగుల దగ్గరే ఉంటుందని నా అనుమానం. అలాగని కలరాకు మజ్జిగ పొయ్యమని కాదు, అప్పుడు ఉప్పునీళ్ళు ఎక్కించాల్సిందే. కానీ రోజూ మజ్జిగ తాగే ముసలమ్మ ఉంది చూశావూ, ఆవిడ మనకంటే పెద్ద డాక్టరు."

నా ఒళ్ళు పొంగిపోయింది. ఆవిడ మా అత్తయ్యే కదా! నలభై ఏళ్ళుగా పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ చేస్తున్న పనిని మద్రాసు నుంచి వచ్చిన యంత్రం సరేనంది. ఈ సంగతి ఊరికే చెబితే ఏం బావుంటుంది? చూపించాలి. ఆవిడ పెరుగే ఆవిడకు చూపించాలి. అదీ నా బుర్రకు పుట్టిన బుద్ధి.

డిస్పెన్సరీ గడప తొక్కటానికి అత్తయ్య ససేమిరా అంది. "అక్కడ ఎవరెవరి చీమూ నెత్తురూ, నాకెందుకురా" అంది. నాలుగు రోజులు చెవినిల్లు కట్టుకుని పోరాను. చివరికి ఒక ఆదివారం పొద్దున, ఎలాగూ ఇంటికొచ్చి స్నానం చేస్తాను కదా అని బయల్దేరింది. రోగులెవరూ లేరు. డాక్టరు గారు ఊళ్ళో లేరు. ఆయన ఉంటే ఈ కథ జరిగేదే కాదు.

మా ఇంటి పెరుగు చుక్క పలక మీద పెట్టి, అద్దం ఎండకు తిప్పి, "ఒక కన్ను మూసుకుని చూడు" అన్నాను. ఆవిడకు ఒక కన్ను మూస్తే రెండోది కూడా మూసుకుపోతోంది. నా అరచెయ్యి ఆవిడ ఎడమకంటికి అడ్డం పెట్టాను. అలా చాలాసేపు వంగి చూసింది.

"ఏవిట్రా ఇవి? పురుగులా?"

"పురుగులు కావు అత్తయ్యా, సూక్ష్మజీవులు. నీ పెరుగే."

"కదులుతున్నాయి."

"కదలవూ మరి! బతికున్నాయిగా."

"ప్రాణం ఉందా వీటికి?"

"ఉండకేం! నిక్షేపంగా ఉంది. ఒక్క చుక్కలో వేలకు వేలు ఉంటాయి. ఇక గిన్నెడులో ఎన్నో నువ్వే లెక్కకట్టుకో!"

ఎంత గర్వంగా చెప్పానో! నా మొహం. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆవిడ కొంగుతో కన్ను తుడుచుకుని, "పద ఇంటికి" అంది. దారిలో ఒక్క మాట లేదు. ఆశ్చర్యంతో నోట మాట రాలేదనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆకలి లేదంది. మర్నాడు ఏకాదశి, ఆవిడకు ఉపవాసం, నాకు ఫలహారం. మంగళవారం నేను భోజనానికి కూర్చున్నాను. పప్పు అయింది, చారు అయింది. మూడోసారి అన్నం వడ్డించి అలాగే నిలబడింది.

"పెరుగేది?"

"లేదు."

"పాలు విరిగాయా?"

"తోడుపెట్టలేదు. నీకు కావాలంటే రేపట్నించి పెరుగమ్మిని పిలుస్తాను, కొనుక్కో. నువ్వు తింటే నీ పాపం నీది. నా చేత్తో మాత్రం పెట్టను."

"పాపమేంటి అత్తయ్యా!"

"చీమ కాలికింద పడుతుందేమోనని చూసి నడిచేదాన్ని. మాంసం ముట్టే ఇల్లని పక్కింట్లో మంచినీళ్ళు తాగను. ఇన్నేళ్ళూ పూటపూటా గిన్నెడు ప్రాణాలు మింగాను. తెలియక చేశాను, దేవుడు ఊరుకుంటాడు. ఇప్పుడు నువ్వు తెలియజెప్పావుగా నాయనా. తెలిశాక కూడా మింగమంటావా?"

నిలువునా నీరైపోయాను. బతిమాలాను. కోప్పడ్డాను. అలిగి రెండు పూటలు అన్నం మానేశాను. నా అలక ఆవిడ దగ్గర ఎప్పుడూ పనిచేసేది, ఈసారి పనిచెయ్యలేదు. "తిను వెధవా, నీకు ఆకలి ఓర్చుకునే శక్తి లేదు" అని చారన్నం పెట్టింది. తను కూడా ఆ చారన్నమే రెండు ముద్దలు తినేది. పప్పు పడదు, పాలు పడవు, ఇహ తినటానికి ఏముంది?

నాలుగో రోజుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆరో రోజుకు నూతిలోంచి బాల్చీ తోడలేక చప్టా మీద కూర్చుండిపోయింది. గాజులు లేని ఆ చేతులు అంత సన్నగా ఉన్నాయని నేనెప్పుడూ చూడలేదు. చేదతాడు నా చేతికిచ్చి, "రెండు చేదలు పొయ్యరా" అంది. ఎన్నడూ నన్ను నీళ్ళు తోడమనని మనిషి.

పరుగున వెళ్ళి డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన ముందు నన్ను చెడామడా తిట్టారు. తర్వాత సంచీ తీసుకుని మా ఇంటికొచ్చారు. అత్తయ్య గోడవైపు తిరిగి కొంగు సర్దుకుని కూర్చుంది.

"అమ్మా, మా వాడు మీకు సగమే చెప్పాడండీ. అవి జంతువులు కావు. మొక్కల జాతి అంటారు శాస్త్రంలో. తోటకూర తింటారు కదా మీరు?"

"తింటాను బాబూ. కానీ నేను కోసేటప్పుడు తోటకూర నా కళ్ళముందు గంతులెయ్యలేదు."

"అవీ గంతులెయ్యట్లేదండీ. నీళ్ళు తోస్తుంటే అలా వణుకుతాయి."

"బతికున్నాయా, చచ్చాయా? అది చెప్పండి బాబూ."

డాక్టరు గారు అబద్ధమాడలేని మనిషి. "బతికే ఉన్నాయండీ" అన్నారు.

"అయితే మీరు మందివ్వండి, తాగుతాను. మజ్జిగ మాట ఎత్తకండి" అంది, ఎంతో మర్యాదగా.

వాకిట్లోకి వచ్చాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "మందిస్తానయ్యా. కానీ ఆవిడ కడుపుకు అలవాటైన ఆహారం పడకుండా నా మందు ఎన్నాళ్ళు ఆపుతుంది? ఇంకో వారం ఇలాగే ఉంటే నా చేతుల్లో లేదు. నోరు తెరిచింది నువ్వు, ఏదో ఒకటి చెప్పి ఆవిడ నోరు కూడా నువ్వే తెరిపించు."

ఏం చెప్పను? ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. మర్నాడు పొద్దున మందుసీసా పెట్టటానికి చోటు చూస్తుంటే ఉట్టి మీద రాచ్చిప్ప కనిపించింది. దించాను. అందులో చివరి చేమిరి అట్టకట్టి, పైన ఆకుపచ్చ బూజు పట్టి ఉంది.

"ఇదెందుకు ఉంచావు?"

"పారబోస్తే చంపినదాన్నవుతాను కదరా. అందుకని ముట్టుకోలేదు. వాటి మానాన అవి ఉంటాయి."

అప్పుడు రేగింది నాకు కోపం. ఇన్నాళ్ళ భయమంతా కోపమై లేచింది. పెద్దంతరం చిన్నంతరం లేకుండా నోటికొచ్చినట్టు అరిచాను.

"ఎక్కడున్నాయి వాటి మానాన? చచ్చాయి! ఒక్కటి మిగల్లేదు. ఎలా చచ్చాయో తెలుసా? ఆకలికి మాడి చచ్చాయి. వాటికి పాలే అన్నం. రోజూ సాయంత్రం నువ్వు పోసే పాల కోసం కూర్చుంటాయి అవి. నలభై ఏళ్ళు పెట్టావు, ఒక రోజున చెప్పాపెట్టకుండా మానేశావు. తింటే పాపమని మానేసి మొత్తం వంశాన్నే తుడిచిపెట్టావు. ఇహ చాలు, నువ్వు కూడా వాటి వెనకే పో, నేనొక్కణ్ణే ఉంటాను ఈ కొంపలో!"

అనేశాక నా నోరు నేనే మూసుకున్నాను. అత్తయ్య మంచం మీంచి లేచింది. ముందురోజు నుంచి ఒకరు పట్టుకుంటే తప్ప లేవని మనిషి, తనంతట తనే లేచి వచ్చి రాచ్చిప్ప నా చేతుల్లోంచి తీసుకుంది.

"ఆకలికా?" అంది.

"ఆ."

"పాలు పోస్తే బతుకుతాయా?"

"బతకటమేమిటి, పొద్దునకి ఇంతకింత అవుతాయి. నువ్వు తిన్నవాటికంటే నువ్వు పెంచినవే ఎక్కువ. ఇది మాత్రం డాక్టరు గారిని అడుగు, ఆయన అబద్ధం చెప్పరుగా."

ఆవిడ రాచ్చిప్పను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఆనాడు దోనెలో కూర్చున్నట్టే కాబోలు. కళ్ళనీళ్ళు బొటబొటా కారాయి. "మా అమ్మ పోతూ పోతూ ఏమీ చెప్పలేదురా. దీన్ని మాత్రం చూసుకోమంది" అంది. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి?

తర్వాత కళ్ళు తుడుచుకుని, "మీ అక్క దగ్గర ఉంటుంది. అత్తారింటికి పంపేటప్పుడు పెట్టి పంపాను. వెళ్ళి పట్టుకురా" అంది.

దాలి మీద పాలు పెట్టి, అప్పుడే వెళ్ళి రైలెక్కాను. తాడేపల్లిగూడెంలో దిగి అక్క ఇంటికి పరుగెత్తాను. అక్క వింటూ వింటూనే తలకొట్టుకుంది. "ఎక్కడి చేమిరిరా! కాపరానికొచ్చిన ఏడాదికే పోయింది. మా అత్తగారు పెరుగు కొంటారు. అత్తయ్య అడిగినప్పుడల్లా ఉందనే చెబుతూ వచ్చాను." తనూ ఏడ్చింది. ప్రాణం ఉసూరుమంది నాకు.

తిరుగు రైలుకోసం స్టేషను దగ్గర నిలబడితే ఒకామె పిడతల్లో పెరుగు అమ్ముతోంది. గడ్డపెరుగు, నల్లజర్ల వైపు నుంచి తెచ్చానంది. ఒక పిడత కొన్నాను. చేమిరి ఏదైతేనేం, కడుపులోకి మజ్జిగ పోవటం కావాలి. అక్క ఇచ్చిందని చెప్పేద్దామనుకున్నాను.

అత్తయ్య పిడత మూత తీసింది. వాసన చూసింది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.

"ఒరేయ్, నీకు మందులు కలపటం వచ్చుగానీ అబద్ధం కలపటం రాదు. ఇది మనది కాదు."

తల వంచుకున్నాను. ఇక ఒక్క చోటే ఉంది ఆ చేమిరి. అది నాకు తట్టకపోలేదు, రైల్లో దారి పొడుగునా అదే తడుతోంది. కానీ చెప్పటానికి నోరు పెగల్లేదు. ఇవ్వటం వేరు, పుచ్చుకోవటం వేరు. పంతులమ్మ వంటింట్లో, ఆవిడ పాలతో తోడుకున్న పెరుగును అత్తయ్య తన గిన్నెలోకి తీసుకోవటమా? అంతకంటే పస్తుండి పోవటం తేలికనుకునే మనిషి ఆవిడ.

పొద్దు వాలుతోంది. వీధిలో ఒక్కొక్క ఇంట్లో దీపాలు పెడుతున్నారు. అత్తయ్య గోడకానుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"పంతులమ్మ దగ్గర ఉంటుందంటావా?" అంది కళ్ళు తెరవకుండానే.

"ఉంటే?"

"నన్ను లేపు."

భుజం ఆసరా ఇచ్చి దడి దాకా నడిపించాను. పది అడుగులకు మూడుసార్లు ఆగింది. ఒక చేతిలో కడిగిన రాచ్చిప్ప. నేను పిలిస్తే పంతులమ్మ చంకలో పిల్లతో పరుగెత్తుకొచ్చింది. అత్తయ్యను చూసి నిర్ఘాంతపోయింది.

"అయ్యో, ఇలా అయిపోయారేంటండీ! నాకు తెలీదండీ. వారం రోజులుగా పలకరింపు లేకపోతే, నా వల్ల ఏదో తప్పు జరిగింది, చేమిరి ఇవ్వటం ఇష్టం లేక మొహం చాటేశారనుకున్నానండీ."

"నీ తప్పేం లేదమ్మా. మా చేమిరి పోయింది. నీ దగ్గర ఉందా?"

"ఉందండీ. ఇక మీరివ్వరేమోనని భయపడి, చెడిపోకుండా చూసుకుంటున్నాను. మీరు చేసినట్టే, పిల్లకి పెట్టకముందే తీసి దాస్తున్నానండీ." వెళ్ళబోయి ఆగింది. "దీపాలు పెట్టేశారు కదండీ. ఇప్పుడు ఇవ్వకూడదని మీరే అన్నారు."

"నేనే అన్నాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను, తీసుకురా తల్లీ."

ఆవిడ గిన్నెతో వచ్చింది. అత్తయ్య రాచ్చిప్ప ముందుకు చాపింది. పంతులమ్మ అలవాటు ప్రకారం, తన గిన్నె మా గిన్నెకు తగలకుండా, జానెడు ఎత్తుకు ఎత్తింది. వంచబోతోంది.

అత్తయ్య తన రాచ్చిప్పను పైకెత్తింది. ఇంకా ఎత్తింది. దాని అంచు పంతులమ్మ గిన్నె అంచుకు ఆనింది. ఠంగుమని చిన్న చప్పుడయింది.

"ఇప్పుడు వంచు. పై నుంచి పోస్తే ఒలుకుతుంది" అంది.

పంతులమ్మ నావైపు చూసింది. నేను దడివైపు చూశాను. గిన్నెలు రెండూ అలా ఆనుకునే ఉన్నాయి, ఆఖరి చుక్క జారేదాకా. చంకలో పిల్ల చెయ్యి చాపి అత్తయ్య వేలు పట్టుకుంది. అత్తయ్య విదిలించుకోలేదు.

ఆవిడను నడిపించుకొచ్చి పెరటి గుమ్మంలో కూర్చోబెట్టి, అంటు తగిలింది కదా, స్నానం చేస్తుందని గబగబా నూతి దగ్గర గోలెం నిండా నీళ్ళు తోడాను. నీరసం మీద ఉంది, చన్నీళ్ళు పనికిరావని ఒక చెంబుడు వేణ్ణీళ్ళు కూడా కలిపాను. "నీళ్ళు పెట్టాను అత్తయ్యా" అని పిలిచాను. వెళ్ళి చూస్తే వంటింట్లో దాలి ముందు కూర్చుని ఉంది. పాలగిన్నెకు అరచెయ్యి ఆనించి చూస్తోంది. చేమిరి వేసి, మూడుసార్లు తిరగబోసి, మూతపెట్టింది. "ఆకలి మీద ఉన్నారు, తాగి పడుకోండమ్మా" అంది.

తెల్లారి ముందు చేమిరి తీసి రాచ్చిప్పలో వేసింది. తర్వాత తన ఆకులో ఇంత మజ్జిగన్నం కలుపుకుంది. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్క ముద్దా చూశాను. అయిదు ముద్దలు తింది. ఆకు తీసేసి చెయ్యి కడిగించటానికి పెరట్లోకి తీసుకెళ్ళాను. రాత్రి నేను తోడిపెట్టిన నీళ్ళు గోలెంలో అలాగే నిండుగా ఉన్నాయి. అందులోంచే ఒక చెంబు ముంచి ఆవిడ చేతుల మీద పోశాను.